అడుగు వరసే మొదలు

మంజునాథ్ డిజైన్ సెంటర్లో వసుధ పని తప్పులు వెతకడం. కంప్యూటర్లో గీసిన చీర అంచుల్ని కాగితం మీద అచ్చు తీసి ఆమె ముందు పడేస్తారు. ఏ నెమలి మెడలో గడి తక్కువైందో, ఏ మామిడిపిందె తోక పక్క గడిలోకి జారిందో చూసి ఆమె ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాలి. పదహారేళ్లు గడుల కాగితం మీద తన చేత్తో చీరల గ్రాఫులు గీసిన మనిషికి ఇది ఎట్లుంటుందంటే, వంట చేసిన చేత్తో ఇంకొకరింట్లో బియ్యంలో రాళ్లు ఏరినట్టుంటుంది. ధర్మవరంలో చేతి గ్రాఫు గీయించుకునేవాళ్లు ఇప్పుడెవరున్నారు? ఈ రాళ్లేరే పనైనా ఉంది కదా అని ఆమె నోరు మూసుకుని ఏరుతోంది.

ఆ గురువారం పొద్దున ప్రింటర్లోంచి రెండడుగుల పొడుగు కాగితం ఒకటి బయటికొచ్చింది. వసుధ అలవాటుగా చేయి చాపి అందుకుంది. ఎర్ర గడులు, నీలం గడులు, ఆకుపచ్చ, అక్కడక్కడా నలుపు. వరసకు ఆరు గడులు, మొత్తం నూట నలభై రెండు వరసలు. లెక్కపెట్టకుండానే ఆమెకు తెలుసు. అది చీర అంచు కాదు. లాయరు పాప హీరోయినుగా వచ్చిన సినిమా. అది తన గ్రాఫు.

ఒక వరస అంటే సినిమాలో ఒక నిమిషం. ఒక గడి అంటే పది సెకండ్లు. ఎరుపు హీరోయిను మాట్లాడేది, నీలం హీరో మాట్లాడేది, ఆకుపచ్చ పాట, నలుపు కొట్లాట, పసుపు మిగతా జనం. ఎవరూ నోరు విప్పకపోతే గడి తెల్లగా వదిలేయడమే. ఫోనులో సినిమా పెట్టుకుని, పది సెకండ్లకొకసారి వేలితో ఆపి, గడి నింపి, మళ్లీ వదిలి, అట్లా నాలుగు ఆదివారాలు నడుం విరిగేలా కూర్చుంటే ఈ ఒక్క సినిమా అయింది. ఇదంతా ఎవరికోసం చేసిందనుకున్నారు? పోటీలకా, పేపర్లకా? వాళ్లమ్మ కోసం.

కృష్ణమ్మ ఇరవై రెండేళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేసింది. ఆ చప్పుడు ఆమె రెండు చెవుల్నీ తినేసింది. అక్షరాలు రావు కాబట్టి తెర కింద వచ్చే రాతలతో ఆమెకు పనిలేదు. గ్రాఫు కాగితం మాత్రం ఆమెకు కొట్టిన పిండి. షెడ్డుకు పోకముందు ఇంట్లో చేతిమగ్గం మీద గ్రాఫు ఎదురుగా పెట్టుకుని పేక పేకకూ, అడ్డం పోయే ప్రతి పోగుకూ, చూసి నేసిన మనిషి. టీవీలో సినిమా నడుస్తుంటే ఒళ్లో ఈ కాగితం పరుచుకుని, అడుగు వరస మీద వేలు పెట్టి, నిమిషానికొక వరస చొప్పున పైకి జరుపుకుంటూ పోతుంది. నేతలో మొదటి పేక అడుగున పడుతుంది, బట్ట పైకి పెరుగుతుంది. గ్రాఫూ అంతే, కింది నుంచే చదవాలి. ఆ సంగతి నేతగాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరు మాట్లాడుతున్నారో రంగు చెబుతుంది, ముఖాలు తెర మీద ఉంటాయి, మిగతాది కృష్ణమ్మ తానే అల్లుకుంటుంది. "ఎవురు మాట్లాడేది చెప్తే చాలు. ఏం మాట్లాడినారో నాకు తెలుస్తాదిలే" అంటుంది.

పోయిన నెల అమ్మకు గడులు సరిగ్గా ఆనడం లేదని, పెద్దవి చేసి అచ్చు తీసివ్వమని వసుధే ఆ గ్రాఫును మంజునాథ్ చేతికిచ్చింది. తీసిచ్చాడు. ఒక్క రూపాయి తీసుకోలేదు. బంగారంలాంటి పిల్లోడు అనుకుంది.

ఇప్పుడా కాగితం నెత్తిన పెద్ద అక్షరాల్లో 'గొంతు విప్పిన నాయిక' అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో 'రూపకల్పన: మంజునాథ్' అని ఉంది.

మంజునాథ్ టీ గ్లాసు పట్టుకుని లోపలికొచ్చాడు. ఆమె చేతిలో ఉన్నది చూశాడు. టీ తాగడం మాత్రం ఆపలేదు.

"ఇది నాది కదా మంజునాథా."

"నీదేలే అక్కా, కాదన్నానా. కాగితం నీది. దాన్ని కంప్యూటర్లో ఎక్కించింది, పేరు పెట్టింది, ఇంగ్లీషులో రాసి పంపించింది నేను. బెంగుళూరు కంపెనీ వాళ్లు ఆదివారం హిందూపురంలో ఎగ్జిబిషన్ పెడ్తాండారు. అంతా ఇట్లాంటివే, సినిమాల్ని లెక్కలు తీసి బొమ్మలుగా వేసేది. ఫస్ట్ వచ్చినోళ్లకు ఉద్యోగం ఇస్తారంట. ఇంట్లో కూర్చోని చేసే పని."

ఇంట్లో కూర్చోని చేసే పని. చెవుల్లేని తల్లిని పొద్దున్నించి సాయంత్రందాకా ఒంటరిగా వదిలి, కుక్కర్ విజిల్ వినబడదని పొయ్యి ముట్టించొద్దని దండం పెట్టి వచ్చే మనిషికి ఆ మాట ఎట్లా వినబడుతుంది?

"ఆ ఉద్యోగం నీకేంటికి? నీకు షాపు ఉండాది."

"షాపు యాడుండాది అక్కా." మంజునాథ్ గ్లాసు కింద పెట్టాడు. "సూరత్ నుంచి డిజైన్లు ఫోన్లోనే వస్తాండాయి. మన దగ్గరికి వచ్చేదెవురు? ఈ నెలాఖరుకు మూసేస్తాండా. నీకు ఎట్ల చెప్పాల్నా అని వారం నుంచి చూస్తాండా."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. వసుధ కాగితాన్ని బల్లమీద పరిచి రెండు చేతులతో ఒత్తి పట్టుకుంది, లేకపోతే అది చుట్టుకుపోయేలా ఉంది.

"నా పేరు కూడా వెయ్యి. పక్కన చిన్నగా వేసినా చాలు."

"రెండు పేర్లుంటే ఉద్యోగం ఎవురికిస్తారు? ఇద్దరికీ ఇయ్యరు. నాకొస్తే నీకూ ఏదో ఒక పని చూపిస్తాలే అక్కా, మర్చిపోను."

"నా గ్రాఫు ఇంట్లో ఉండాది. తెచ్చి చూపిస్తా వాళ్లకు."

"చూపించు. షాపులో పని చేసే ఆయమ్మతో నేనే గీయించినా అంటా." అతను ఆమె ముఖం చూడకుండా ఆ మాట అన్నాడు. అక్కా అంటూనే అన్నాడు.

అప్పుడు చూసింది ఆమె, కాగితం ఎడమ పక్కన అంకెలు వేశాడు. ఒకటి నెత్తిన, నూట నలభై రెండు అడుగున. పాపం, అతను ఎన్నడూ మగ్గంలో కూర్చున్నవాడు కాదు. కంప్యూటర్లో ఎట్లా గీసినా మిషన్ తనకు కావలసినట్టు తానే తిప్పుకుంటుంది. మొదటి పేక ఎక్కడ పడుతుందో తెలుసుకునే అవసరం అతనికి ఏనాడూ రాలేదు.

అసలు సినిమాలో లాయరు పాప మొదటి గంటంతా గడగడా వాదిస్తుంది. పెళ్లవుతుంది. ఎనభై ఎనిమిదో నిమిషంలో మొగుడు చెంప మీద కొడతాడు. అక్కడి నుంచి ఆమె మాట సన్నబడుతూ పోయి, చివరి అరగంటలో ఒకే ఒక్క ఎర్ర గడి మిగులుతుంది. ఆ గడిలో ఆమె అనేది 'ఏమండీ' అని ఒక్కటే మాట. మంజునాథ్ అంకెల ప్రకారం చదివితే అంతా తారుమారు. మూగగా మొదలైన పిల్ల చివరికి ఊరందరి నోళ్లూ మూయిస్తుంది.

"సినిమా చూసినావా నువ్వు?" అని అడిగింది వసుధ.

"ట్రైలర్ చూసినా."

ఆమె నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఒక్క ముక్క చెబితే పది నిమిషాల్లో సరిచేసుకుంటాడు. చెప్పలేదు. చెప్పనందుకు సంతోషమూ కలగలేదు, లోపల ఎక్కడో దొంగతనం చేసినట్టే అనిపించింది. ఆ అచ్చు కాగితాన్ని అడక్కుండానే చుట్టి సంచిలో పెట్టుకుంది. మంజునాథ్ చూసి ఊరుకున్నాడు.

*

శుక్రవారం సెలవు పెట్టి పొద్దున ప్యాసింజరుకు పెనుకొండ పోయింది. ఆమెకు గ్రాఫు నేర్పిన తిమ్మయ్య మామ అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. ధర్మవరంలో ఇప్పటికీ ఆ మనిషి మాటకు విలువుంది. తిమ్మయ్య వచ్చి 'ఈ చేయి నేను దిద్దిన చేయి, ఈ గ్రాఫు ఈ పిల్లదే' అంటే మంజునాథ్ కాదనలేడు.

తిమ్మయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. కుడిచేయి వణుకుతోంది. ఒక్కో కాయనూ ఎడమ అరచేతిలో పెట్టి, కుడి బొటనవేలితో అదిమి, పప్పులు గిన్నెలో, పొట్టు ఒడిలో వేసుకుంటున్నాడు. గింజ గిన్నెలో పడకపోతే వంగి వెతికి మళ్లీ వేస్తున్నాడు.

"ఏం పాపా, ఇంత దూరం వస్తివి? అమ్మ బాగుండాదా?"

వసుధ జరిగినదంతా చెప్పింది. ఆ అచ్చు కాగితానికి ఇంట్లో తీసుకున్న ఫోటోను ఫోనులో తెరిచి ఆయన చేతికిచ్చింది. తిమ్మయ్య కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూశాడు.

"ఒకటి నెత్తిన పెట్టినాడేమి?" అని ఫోనును తలకిందులు చేశాడు. ఫోనులో బొమ్మ గిర్రున తిరిగి మళ్లీ మొదట ఉన్నట్టే నిలబడింది. ఆయన మళ్లీ తిప్పాడు. అది మళ్లీ తిరిగింది. నాలుగుసార్లు అట్లా చేసి, "దీనికి సిగ్గు లేదబ్బా, ఎట్ల పెట్టినా దాని మాటే దానిది" అని నవ్వాడు. వసుధకూ నవ్వొచ్చింది. నిన్నటి నుంచీ అదే మొదటిసారి నవ్వడం.

"నువ్వు గీసిందే ఇది. ఆరో గడి నింపేటప్పుడు కొంచెం ఎడమకు లాగుతావు, నేనెంత తిట్టినా పోలేదు నీకు. కంప్యూటర్లో వేసినా ఆ లాగుడు కనపడ్తానే ఉండాది."

"ఆ మాటే వచ్చి చెప్పు మామా. ఆదివారం ఒక్క పూట. నేనే వచ్చి పిల్చుకోని పోతా, నేనే మళ్లా దిగబెడతా."

తిమ్మయ్య ఫోను ఆమెకిచ్చేసి ఇంకో కాయ తీసుకున్నాడు. అది పగలలేదు. పళ్లతో కొరికి పగలగొట్టి పప్పులు గిన్నెలో వేశాడు.

"నలభై ఏండ్లు గీసినా నేను. నా హంసలు ఏయే ఊర్ల ఆడోళ్ల కొంగుల మీద ఉండాయో నాకే తెలీదు. యాడన్నా నా పేరుండాదా? గీసినోని పేరు గ్రాఫు మీద ఉండదు పాపా, గీయించిన షావుకారు పేరుంటాది. నేనూ రాయలేదు, నీకూ రాసుకునేది నేర్పలేదు. మన పనిలో అది లేదు."

"అది తప్పు కాదా మామా?"

"తప్పే అయ్యుంటాది." ఆయన గొంతు తగ్గింది. "ఇప్పుడు నేనొచ్చి తప్పని చెప్తే, నలభై ఏండ్లు నేను చేసిందేమి? ఈ వయసులో ఆ లెక్క నాతో తీయించొద్దు."

వసుధకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. వాకిట్లో కూర్చుని ఆమె కూడా ఒక గుప్పెడు కాయలు వలిచి ఇచ్చింది. లేచేటప్పుడు తిమ్మయ్య, "అంకెల సంగతొకటి చెప్పి సరిచేయించు, బొమ్మన్నా సరిగా ఉండనీ" అన్నాడు. రైలుకు ఇంకా గంటన్నర ఉంది. పెనుకొండ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఆమె ఏడ్చింది, కొంగుతో ముఖం కప్పుకుని, ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా.

*

శనివారం కృష్ణమ్మ సంచిలో ఆ కాగితం చూసింది. చూసి మంచం మీద పరిచి, అలవాటుగా అడుగు వరస మీద వేలు పెట్టింది. పెట్టి ఆగింది. ఆమెకు అక్షరాలు రావు గానీ అంకెలు వస్తాయి, నేతపని చేసినవాళ్లకు అంకెలు రాకపోతే ఎట్లా?

"ఏమే, ఇదేం కత? మొదటి పేక నెత్తిన పెట్టినారు?"

చెవుల్లేనివాళ్ల గొంతు పెద్దది. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. వసుధ తల్లి ఎదురుగా కూర్చుని, పెదాలు సాగదీసి మాట్లాడుతూ, చేతులతో చూపిస్తూ చెప్పింది. మంజునాథ్ తన పేరు వేసుకున్నాడని చెప్పింది. ఉద్యోగం సంగతి చెప్పింది. షాపు మూసేస్తున్నాడని మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి కృష్ణమ్మ నమ్మలేదు.

పేరు సంగతి కృష్ణమ్మకు పెద్దగా ఎక్కలేదు. "ఏసుకుంటే ఏసుకోనీ, ముండమోపి పేరు. పేరు కొరుక్కోని తింటామా?" అంది. ఆమె వేలు మాత్రం అంకెల మీంచి కదల్లేదు.

"ఇట్ల పైనుంచి చదివితే ఆ పాప దెబ్బ తిన్నది ఎవురికీ తెలీదే. కొట్టినోడే మాటలు నేర్పినట్టు అయిపోతాది. అన్యాయం కాదా? రేపు నేనూ వస్తా. చెప్దాం వాళ్లకు, తెలీక చేసింటారు."

"నువ్వొద్దమ్మా, ఆడ జనం ఉంటారు" అని వసుధ చేతులు ఊపింది.

"నాకు వినపడదు కదా, జనముంటే నాకేమి?"

 వసుధ పోయేది తన పేరు కోసం, పని కోసం. తల్లి పోయేది ఎవరో సినిమాలో పిల్ల కోసం. ఇద్దరూ ఎక్కేది మాత్రం ఒకే రైలు. అసలు గ్రాఫును పాత చీర ముక్కలో చుట్టి పెట్టుకుంది.

*

హిందూపురంలో ఆ కళ్యాణ మండపం గోడలనిండా సినిమాలే, కానీ ఒక్క హీరో బొమ్మ లేదు. ఒకచోట గుండ్రాలు, చిన్నవీ పెద్దవీ, ఏ దశాబ్దంలో ఎన్ని జీపులు గాల్లోకి లేచాయో. ఇంకోచోట నిలువు గీతలు, ఒక్కో సినిమాలో వానపాట ఎన్ని నిమిషాలో. మీసం తిప్పడాన్ని జిల్లాలవారీగా లెక్కగట్టి పటం వేశారు, దాని ముందు కుర్రకారు గుమిగూడి మన జిల్లా ఎన్నోదని వెతుక్కుంటున్నారు. వసుధ ఒక్కొక్కదాని ముందూ నిలబడిపోయింది. తాను ఒక్కతే పిచ్చిదాన్నని ఇన్నాళ్లూ అనుకుంది. తనలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారా అని మళ్లీ మళ్లీ గోడలకేసి చూసింది. ఈ పని కావాలి నాకు, దేవుడా, ఇంకేం అడగను, ఈ పని ఒక్కటి ఇప్పించు అనుకుంది.

స్టేజీ పక్కన మనిషి ఎత్తుకు మించిన ఫ్లెక్సీ మీద ఆమె గ్రాఫు ఉంది. దాని ముందు మైకు పట్టుకుని కంపెనీ తరఫు మనిషి అనురాధ మాట్లాడుతోంది. నలభై ఏళ్లుంటాయి, నూలు చీర, పొట్టి జుట్టు, మాట మెత్తన. మంజునాథ్ ఇస్త్రీ చొక్కాలో చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"చూడండి, మొదటి అరగంటలో నాయికకు దక్కింది ఒకే ఒక్క ఎర్ర గడి. కథ నడిచేకొద్దీ ఆ ఎరుపు ఎట్లా పెరుగుతోందో చూడండి. చివరి గంట మొత్తం ఆమె గొంతే. మన సినిమా మారుతోందని వంద వ్యాసాలు చెప్పలేనిది ఈ ఒక్క బొమ్మ చెబుతోంది. వచ్చేవారం ఇది బెంగుళూరులో పెద్ద పెద్ద బోర్డుల మీద ఉంటుంది."

చప్పట్లు మోగాయి. వసుధ రైలులో ఏమేం అడగాలో వరసబెట్టి అనుకుని వచ్చింది, ఒక్కటీ గుర్తురాలేదు. ఆమె తేరుకునేలోగా కృష్ణమ్మ చేయి విడిపించుకుని పోయింది.

ఎవరినీ అడగలేదు ఆ తల్లి. చప్పట్లు వినబడితే కదా ఆగడానికి! ఫ్లెక్సీ ముందు గొంతుక్కూర్చుని అడుగు వరస మీద వేలు పెట్టింది.

"ఈడ కోర్టులో జడ్జితో వాదిస్తాండాది పాప" అంది, మండపమంతా వినబడేలా. వేలు పైకి జరిగింది. "ఈడ వాన్ని తిడతాంది. ఈ పచ్చది పాట. ఈడ మళ్లా వాదిస్తాండాది, చూడు ఎంత ఎరుపుండాదో." లేచి నిలబడింది. వేలు ఆమె నడుం దాటి, భుజం దాటి పోయింది. "ఈడ పెండ్లి. ఈడ, ఈ గడి దగ్గర, వాడు కొట్టినాడు. నల్లగా ఎయ్యలేదు మా వసుధ, అది కొట్లాట కాదంట, ఒక్క దెబ్బేనంట. తెల్లగా ఇడిచిపెట్టింది."

మైకు పట్టుకున్న అనురాధ చేయి కిందికి దిగింది. వేలు అందకపోతే కృష్ణమ్మ అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎక్కింది. మంజునాథే వచ్చి కుర్చీ పట్టుకున్నాడు, పడిపోతుందేమోనని.

"ఈడ్నించి ఎరుపు కరువైపాయ. నీలం, నలుపు, తెలుపు. పాప నోరు మూసేసినారు. ఇదో, ఈడ ఒక్కటి. ఏమండీ అనింది. అంతే. ఇంగేమీ అనలే." కుర్చీ మీంచి జనం వైపు తిరిగింది. "గ్రాఫు కింది నుంచి చదవాల నాయనా. ఎవురో తెలీక అంకెలు తప్పేసినారు."

వెనక ఎవరో ఆ సినిమా చూసినాయన, "అవును, ఆయమ్మ చెప్పేదే కరెక్టు" అన్నాడు. కృష్ణమ్మ మంజునాథ్ భుజం పట్టుకుని జాగ్రత్తగా కుర్చీ దిగింది.

అనురాధ, వసుధ అంటే ఎవరో అడిగి తెలుసుకుని, ఆమెనూ మంజునాథ్‌నూ స్టేజీ వెనకకు తీసుకుపోయింది. వసుధ చీరముక్క విప్పి అసలు గ్రాఫు పరిచింది. అనురాధ మంజునాథ్ వైపు చూసింది. షాపులో అన్న మాటే అతను ఇక్కడా అంటాడనుకుంది వసుధ. అతను మెడ వెనక తుడుచుకున్నాడు.

"ఆయమ్మదే మేడం" అన్నాడు. ఇంకేం అనకుండా బయటికి పోయాడు.

అనురాధ ఆ గ్రాఫును చాలాసేపు చూసింది. అడుగు నుంచి పైదాకా వేలు జరుపుతూ, కృష్ణమ్మ లాగే.

"ఉద్యోగం మీదేనండీ. ఇంత ఓపికగా సినిమా చూసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. బొమ్మ మీద పేరు కూడా మీదే వేయిస్తాను, ఈరోజే."

వసుధకు కళ్లు మసకబారాయి. "అంకెలు సరిచేస్తారు కదా మేడం?"

అనురాధ గ్రాఫును మెల్లగా చుట్టి వసుధ చేతికిచ్చింది. స్టేజీ మీంచి ఎవరో మైకు పరీక్షిస్తున్న చప్పుడు వస్తోంది.

"అంకెలు అట్లాగే ఉండాలి వసుధ గారూ. సినిమా తీసినవాళ్లే ఆ బోర్డులు పెట్టిస్తున్నారు. నోరు మూయించిన నాయిక అని వేస్తే వాళ్లు ఒప్పుకుంటారా? వాళ్ల డబ్బు ఆగిపోతే ముందు ముందు ఈ ఎగ్జిబిషన్లూ ఉండవు, ఈ ఉద్యోగమూ ఉండదు. మీకు అబద్ధం చెప్పను. మీరు ఒప్పుకుంటేనే."

"తప్పు కదా మేడం."

"ఎవరు గడి గడికీ పట్టుకుని చూస్తారండీ?"

"మా అమ్మ చూస్తాది."

అనురాధ తల దించుకుంది. "రేపు చెప్పినా సరే. ఇప్పుడే చెబితే మాత్రం పిలిచి ఇక్కడే ప్రకటిస్తాను. మీ ఇష్టం."

ఇష్టమట. ముందు నుయ్యి వెనక గొయ్యి ఉన్నవాళ్లను నీ ఇష్టం అని అడగడం పెద్దచదువుల వాళ్లకే చెల్లుతుంది. వసుధ కర్టెన్ సందులోంచి చూసింది. కృష్ణమ్మ ఇద్దరు కాలేజీ పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని, వాళ్ల వేళ్లు పట్టుకుని అడుగు వరస మీద పెట్టిస్తోంది. నెలాఖరు ఇంకెన్ని రోజులుంది? పదకొండు. తర్వాత ధర్మవరంలో ఏ గడప తొక్కాలి? ముప్పై ఆరేళ్ల వయసులో, గడులు నింపడం తప్ప ఇంకో పని రాని చేతులు పెట్టుకుని?

"సరే మేడం" అంది. తన గొంతు తనకే వేరే ఎవరిదోలా వినిపించింది. తర్వాత అనురాధ భుజం తట్టడం, స్టేజీ మీదికి పిలవడం, మైకులో తన పేరు ఇంటిపేరుతో సహా వినబడడం, ఇవన్నీ జరిగాయి. 'గొంతు విప్పిన నాయిక, రూపకల్పన వసుధ' అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. జనం చేతులు చూసి కృష్ణమ్మ కూడా కొట్టింది, అందరికంటే ఎక్కువసేపు. వాకిలి దగ్గర మంజునాథ్ నిలబడి ఉన్నాడు. అతనూ చప్పట్లు కొట్టి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

స్టేజీ దిగి వసుధ తల్లి దగ్గరికొచ్చింది.

"ఏమన్నారే?"

వసుధ రెండు చేతులతో గీస్తున్నట్టు చూపించి, తన గుండె మీద చేయి పెట్టుకుంది. పని ఇచ్చారు, నాకే. కృష్ణమ్మ కూతురి ముఖాన్ని రెండు అరచేతుల్లో పట్టుకుని మెటికలు విరిచింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫ్లెక్సీ వైపు చూపించింది.

"మరి దీని సంగతి? వీళ్లు పైనుంచి చదివేవాళ్లయితే తలకిందులుగా తిప్పి కట్టమను. అప్పుడు వీళ్లకూ సరిపోతాది. చెప్పినావా?"

తల్లి చెవులు పోయిననాటి నుంచీ ఊళ్లో మాటలన్నీ ఆమెకు వసుధే చేరవేసింది. చావు కబురు కూడా మార్చకుండా చెప్పింది. డాక్టరు ఇంక చెవులు రావన్న మాటా అట్లే చెప్పింది. ఒక్కటీ దాచలేదు. ఇప్పుడు పెదాలు కదపకుండా తల ఊపింది.

"చెప్పినావా? తిప్పుతామన్నారా?"

మళ్లీ ఊపింది.

"అయితే మంచోళ్లే" అంది కృష్ణమ్మ. పనివాళ్లు వెనక వరస నుంచి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పేరుస్తున్నారు. ఆమె వాళ్ల దగ్గర ఒక కుర్చీ అడిగి తెచ్చుకుని, ఫ్లెక్సీకి ఎదురుగా వేసుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది.

"సాయంత్రం రైలుకు పోదాంలే. తిప్పి కట్టేది చూసి పోతా."

వసుధ ఆమె పక్కన నేల మీద కూర్చుంది.